బస్సు వెనక పోసిన నీళ్లు

శుక్రవారం రాత్రి, క్యాంప్

మల్లన్న వెళ్లిపోయాడు. ఎదురు మంచం మీద పరుపు చుట్టేసి ఉంది. అటు చూడకుండా రాస్తున్నాను.

దోహాలో పని అయిపోవచ్చింది. మా టర్కీ కంపెనీకి ఆఫ్రికాలో రైలు లైను దొరికింది. కాంక్రీటుకు చెక్కలు బిగించే మా షట్టరింగ్ వాళ్లలో మల్లన్నను రమ్మన్నారు, నన్ను అడగలేదు.

నిన్న ఏషియన్ టౌన్ బజారులో కొన్న చొక్కా వేసుకుని పొద్దున ఎయిర్‌పోర్టు బస్సెక్కాడు. బస్సు కదలగానే మా టర్కీ ఫోర్‌మన్ యూసుఫ్ ఉస్తా (మేస్త్రీని వాళ్లు ఉస్తా అంటారు) జగ్గెడు నీళ్లు తెచ్చి వెనక రోడ్డు మీద గుమ్మరించాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మా వైపు శవం గడప దాటాకే అలా నీళ్లు పోసి కడుగుతారు.

"ఏం పని ఇది ఉస్తా? మనిషి బతికే ఉన్నడు గదా!" అని తెలుగులోనే అరిచాను.

అతను బిత్తరపోయాడు. "వాపస్ ఆనేకా పానీ హై, భాయ్" అన్నాడు, సైటులో మా దగ్గర నేర్చుకున్న హిందీలో. నీళ్లలా సాఫీగా పోయి, నీళ్లలా తిరిగి రావాలని వాళ్ల దేశంలో పోస్తారట. అతను రష్యా పనికి, లిబియా పనికి బయల్దేరినప్పుడల్లా వాళ్లమ్మ పోసేదట.

సిగ్గేసింది. కానీ వెనక అద్దంలోంచి మల్లన్న ఆ నీళ్లు చూశాడు. ముఖం పాలిపోయింది. మా ఊరివాడే, ఏమనుకుని ఉంటాడో నాకు తెలుసు. ఫోన్ చేస్తే కలవడం లేదు, విమానంలో ఉండి ఉంటాడు.

దిగగానే చెప్పాలి, నువ్వు తిరిగి రావాలనే పోశాడన్నా అని.

ఎక్కడికి అని అడిగితే? ఇంకో నెలకు ఈ క్యాంపే ఉండదు.