ఆర్నల్డ్ కుప్పలో అరటి మొక్క

రైలుకట్ట తోటలు,
బార్న్‌స్లీ దగ్గర.
2006 అక్టోబర్ 9, సోమవారం

ఆర్నల్డ్ థ్వెయిట్ గారికి,

మీరూ మీ చెల్లెలు ఫ్రీడా సముద్రపు గాలికి కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను బతికే ఉన్నాను. మర్యాదలు అయిపోయాయి గనక అసలు సంగతికొస్తాను.

మూడేళ్లుగా నా గొంతులో ముల్లు ఒకటి ఉంది. అది నువ్వు గుచ్చిందే. మా ఆవిడ ఎల్సీ అరటి విత్తనాలు నాటిన పది కుండీలూ నా గాజు షెడ్డులోంచి తీసి, మట్టి నీ చెత్తకుప్పలో గుమ్మరించి, కుండీలు కడిగి, వరసగా బోర్లించి వెళ్లావు. చలికాలం ముందు ఖాళీ కుండీలు కడగడం మంచి తోటవాడి లక్షణమే. కానీ అవి ఖాళీవి కావు.

అసలు ఆ విత్తనాలు రావడానికి కారణం కూడా నువ్వే. మట్టిలో నేను మొలిపించలేనిది లేదని క్లబ్బులో బడాయి పోతే, అయితే అరటి పెంచు చూద్దాం, ఇక్కడి మంచుకి నీ ముక్కే నిలవదు, అని అందరి ముందూ నవ్వావు. ఆ మాట ఎల్సీ పట్టుకుంది. నా డెబ్బయ్యో పుట్టినరోజుకి కేటలాగులోంచి పది గింజలు తెప్పించింది. పండు తినేది కాదు, చలికి చావని కొండ రకం. బఠాణీ గింజంత ఉండి, నల్లగా, రాయిలా ఉన్నాయి. ఒక్కోదాన్ని గోళ్ల ఆకురాయితో గీకి, నా ఫ్లాస్కులో మూడు రోజులు వేడినీళ్లలో నానబెట్టింది. ఆ వారం నువ్వు నా టీ తాగి, ఏంట్రా ఇది, మేకులు ఉడకబెట్టావా, అన్నావు. అదీ కథ.

వసంతం పోయింది, ఎండాకాలం పోయింది, ఒక్కటీ మొలవలేదు. ఎల్సీ రోజూ పొద్దున్నే వచ్చి కుండీల్లోకి తొంగిచూసేది. తొందరేముంది, ఏడాది పట్టొచ్చని కాగితం మీద రాశారుగా, అనేది. ఏడాది ఆమెకి పట్టలేదు. నవంబరులో పోయింది.

ఆ తర్వాత నీతో మాట్లాడలేదు. మన మడుల మధ్య నడుమెత్తు కంచె, ఇటు నేను, అటు నువ్వు. మూడేళ్లు. నువ్వు రేడియోలో క్రికెట్ పెట్టి, దాని మూతి నా వైపు తిప్పేవాడివి. నాకు తెలియదనుకున్నావేమో. స్కోరు వినడానికి నేను అక్కడే కలుపు తీసేవాణ్ణి, కలుపు లేకపోయినా. ఈస్టరుకి నువ్వు మోకాళ్లు పనిచేయట్లేదని తాళం తోటల సంఘం సెక్రటరీ బెరిల్ చేతికిచ్చి, ఫ్రీడా దగ్గరికి వెళ్లిపోయావు. నాకొక మాట చెప్పలేదు. ఇప్పుడు ఇటువైపు ఏ చప్పుడూ లేదు. రైలు పోతే అదే.

జులైలో ఎండలు మండిపోయాయి కదా. ఆ ఎండల తర్వాత ఒకరోజు నీ కుప్పలోంచి ఏదో పచ్చగా, చుట్టిన కాగితంలా లేచింది. గుమ్మడి అనుకున్నాను. వారానికి విప్పుకుంది. ఆకు వెనక ఎర్రటి చార. ఎల్సీ దాచిన పొట్లం మీద బొమ్మలో కూడా అదే చార. పొట్లం తెచ్చి, కంచె దగ్గర నిలబడి, కళ్లజోడు తుడిచి తుడిచి చూశాను. అరటే.

దానికి పగలు వేడి, రాత్రి చలి కావాలట. లైబ్రరీ పిల్ల చదివి చెప్పింది. మేమేమో మొదటి మూడు నెలలూ ఇంట్లో వేడినీళ్ల ట్యాంకు పక్కన బీరువాలో పెట్టి, ఎప్పుడూ ఒకే వెచ్చదనంలో ఉంచాం. మాకంటే నీ చెత్తకుప్పే దాన్ని బాగా చూసుకుంది. ఇది రాయడం నాకెంత కష్టమో నీకు తెలుసు.

ఇప్పుడది మోకాలెత్తు ఉంది. నవంబరు ఒకటి నుంచి నీ మడి కొత్త జంటకి అద్దెకిస్తున్నారు. మంచివాళ్లే. యంత్రం పెట్టి మొత్తం దున్ని, నల్ల ప్లాస్టిక్ పరుస్తారట. అంతవరకూ మడి నీ పేరు మీదే ఉంది, అందులో నిలబడ్డ ప్రతిదీ నీదే. బెరిల్ నవ్వింది, ఎవరు చూడొచ్చారు సేత్, తవ్వుకుపో, అంది. నేను చూస్తానుగా, అన్నాను. రెండు ఉల్లికాడలు పీకాడని ఒకణ్ణి తోటలోంచి వెళ్లగొట్టినప్పుడు ఓటుకి మొదట చెయ్యెత్తింది నేను. రెండోది నువ్వు. అడక్కుండా పక్కవాడి మడిలో నేను కాలు పెట్టను.

నీళ్లు కంచె ఇవతల నిలబడే పోశాను. మొన్న చలి ఎక్కువైతే గోనెపట్టా విసిరాను. మూడోసారికి దాని మీద పడింది.

కాబట్టి నేరుగా అడుగుతున్నాను. ఆ మొక్క నేను తీసుకోవచ్చా, లేదా? ఇరవై ఎనిమిది, శనివారం లోపల చెప్పు. ఆ రాత్రి చలికాలం లెక్కకి గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, తర్వాత మంచు ఎవరి కోసమూ ఆగదు. పోస్టుకార్డు చాలు. అవును అనో కాదు అనో రాయి. వాతావరణం గురించి రాయకు.

ఇట్లు,
సేత్ ఆక్‌రాయిడ్

తా.క. కవరు అంటించి, మళ్లీ చింపి తెరిచాను. ఎల్సీని పూడ్చిపెట్టి వచ్చిన సాయంత్రం నువ్వు నా షెడ్డు గుమ్మంలో నిలబడి, ఏమైనా చెయ్యమంటావా, అని అడిగావు. లోపలున్నవన్నీ చచ్చినవే, కడిగి పెట్టెయ్, అన్నాను. ఎల్సీ కుండీలు కూడానా, అని రెండుసార్లు అడిగావు. కూడా, అన్నాను. రెండుసార్లూ. ఆ తర్వాత కుండీలు బోర్లించి ఉండటం చూసి నీ మీద పడి అరిచాను. నువ్వేగా కడగమన్నావు అని ఒక్క మాట అనలేదు. ఈ మూడేళ్లలో బెరిల్‌కి కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు ఇంతకంటే తేలికగా ఉండేది.

ఆ మొక్కకి మంచు తగలకుండా వలకంచె చుట్టి గడ్డి కూరాలంటే ఇద్దరు కావాలి, ఒకడు పట్టుకోవాలి. నువ్వు కుర్చీలో కూర్చునే పట్టుకోవచ్చు. ఫ్లాస్కు కడిగాను, ఇప్పుడు మేకుల వాసన లేదు. బస్సు స్టాండుకి నేనొస్తాను. ఇరవై ఎనిమిది లోపల చెప్పు ఆర్నల్డ్.