చుట్టి వస్తే మైనస్

గురువుగారికి నమస్కారం.

తప్పు దిద్ది సోమవారం థీసిస్ ఇవ్వకపోతే ఈ ఏడాది పట్టా లేదన్నారు మీరు. మూడు నెలలుగా దిద్దుతూనే ఉన్నాను. అలసట అన్న మాట నా ఒంటికి చాలడం లేదు. క్వాంటమ్ కొలతల పట్టికలను పక్కపక్కనే అతికిస్తే ఏ రెంటికీ తగవు లేదు. చుట్టూ తిరిగి మొదటిదాన్ని చేరేసరికి మాత్రం ప్లస్ కాస్తా మైనస్ అవుతోంది.

"ఆ మైనస్ మీద నిలువు గీత ఒకటి గీసేసి భోజనానికి రావే, ఎవరు చూడొచ్చారు!" అంటోంది అక్క. గీయబోయాను కూడా. కానీ ఏ దారిన లెక్కించినా మైనస్సే వచ్చింది. ఇది నా పొరపాటు కాదండీ. కొలవకముందే కణం దగ్గర జవాబులన్నీ సిద్ధంగా ఉంటాయనుకోవడమే పొరపాటు. అలా ఉండి ఉంటే, చుట్టి వచ్చినా ప్లస్ ప్లస్‌గానే ఉండాలి కదా.

పట్టా ఆలస్యమైనా సరే, మైనస్‌ను ఉంచే పంపుతున్నాను. దిద్దమనే ముందు, దయచేసి మీరూ ఒక్కసారి చుట్టి రండి.

మీ విద్యార్థిని