ఎండిన ఆకుతో చుట్టిన బీడీ

ఆదివారం, లింగంపేట

సీరియల్‌ల తప్పు చూపెడితే చాలు, డిగ్రీ చదివి ఇంట్ల చేసే బీడీల పనికి సిగ్గుపడుతున్ననంటడు బాపు. సిగ్గే ఉంటే రోజూ అవ్వ పక్కన కూసొని ఎందుకు చూస్త?

ఈ కొత్త సీరియల్ బీడీలు చుట్టే పిల్ల కథ. ఇయ్యాల ఆమె ఎండిన ఆకుతో బీడీ చుట్టుకుంట, సగంల ఆపి ఏడ్చింది.

"నానబెట్టకుంటే ఆకు పలుగుతది గద!" అన్న.

"నోరు మూసుకొని సూడు," బాపు కసిరిండు.

అవ్వ బీడీ చుట్టుకుంటనే నవ్వింది. "బిడ్డ చెప్పింది నిజమే. గా పిల్లకు ఏడుసుడు గూడ రాదు. ఏడుపొస్తే మా చేతులు ఆగుతయా?"

బాపు టీవీ బందు చేసిండు. అవ్వ తన బీడీల బతుకు చెప్తనే ఉంది, ఇద్దరం విన్నం. ఇన్నేండ్లు ఆమెను ఎవరడిగిండ్రు? నేనూ అడగలే...

రేపటి నుంచి అవ్వ చెప్పేది రాస్త. ఎల్లారెడ్డికి పోయి టైపు చేయించి ఆ సీరియల్ తీసేటోళ్లకు పంపిస్త. కథ రాసింది ఎవరంటే అవ్వ పేరే పెడ్త.