బావ ఫోన్లో చెప్పిన మాట

బావా,

నువ్వు కులాసాగా ఉన్నావని, ఆ కాంట్రాక్టు పనులు ఇప్పించే ఏజెంటు చెబితే తెలిసింది.

ఆ ఆస్పత్రి భవనానికి ప్లాన్లు గీసే ఆరు నెలల కాంట్రాక్టుకి నేను అప్లై చేశానని నీకు తెలుసు. "మీ పని తెలిసిన పెద్దవాళ్ల నంబరు ఒకటి ఇవ్వండి" అని ఏజెంటు అడిగితే, వెనకాముందూ చూడకుండా నీదే ఇచ్చాను. నాకు గీత గీయడం నేర్పినవాడివి కదా. ఆ తర్వాత మూడు వారాలు ఉలుకూ పలుకూ లేదు.

ఇవాళ పొద్దున ఆ ఏజెంటావిడే ఫోన్ చేసింది. పని నాకే వచ్చిందనుకుని, పొయ్యి మీద పాలు వదిలేసి పరుగెత్తాను.

"సార్, ఆ కాంట్రాక్టుకి మీ బావగారిని తీసుకుంటున్నామండీ. తన పని తెలిసినవాళ్లంటూ ఆయన మీ నంబరే ఇచ్చారు. మనిషి ఎలాంటివారు?"

వంటింట్లో పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. చివరికి "చాలా నమ్మకస్తుడండీ" అన్నాను. ఏం చేయను, అక్క మొగుడివి.

నేను చెప్పింది అదీ. నా గురించి అడిగినప్పుడు నువ్వేం చెప్పావో ఒక్క ముక్క రాయి. అక్క పక్కన కూర్చుని రాయి.

నీ బావమరిది