జీడి పొక్కిన పాదం

చింతలగూడెం, దేవరకొండ తాలూకా
సర్వధారి మాఘ శుద్ధ పంచమి, గురువారం (1949)

అచ్చంపేటలో ఉన్న సౌభాగ్యవతి చెల్లె నర్సింగమ్మకు, అక్క లక్ష్మీనర్సమ్మ దీవించి రాసేది. మల్లన్న దయతో ఇక్కడ మనుషులం, గొడ్లు బాగనే ఉన్నం, ఒక్క నా కాలు తప్ప. మీరంతా సుఖంగ ఉన్నరని తలుస్తున్న.

శివరాత్రికి ఇంక మూడు వారాలే ఉంది. కొడుకు క్షేమం కోరి కాలినడకన శ్రీశైలం వస్తనని నేను మొక్కిన సంగతి నీకెరుకే. అమరేందర్ సంఘంల చేరి అడవికి పోయి ఎనిమిది నెలలైంది. అప్పుడు రజాకార్ల భయం, ఇప్పుడు మిలిట్రీ భయం. నడిచి వస్తే మన్ననూరు అడవిల వాడు కండ్లకు కనబడ్తడని నువ్వు మనిషితోని పంపిన ఉత్తరం చదివినంక, ఈ నడక నాకు ప్రాణమైంది.

నడక నేర్పేది మా వాడకట్టు భిక్షం. ఏడుసార్లు నడిచిపోయి మల్లన్నను చూసివచ్చినోడు. యాభై ఏండ్లదాన్ని ఒక్కసారే అడవి ఎక్కిస్తే కూలబడ్తదని, పుష్యమాసం మొదలు రోజూ నడిపిస్తున్నడు. ముందు ఒక కోసు ఉత్త చేతులతోని. తర్వాత నెత్తిమీద రెండు సేర్ల జొన్నల మూట. తర్వాత చెప్పులు ఇడిచి గరుసు నేల మీద. పెద్దమ్మా, గిట్ల బాతులెక్క నడిస్తే నీకు వచ్చే ఏటి శివరాత్రే గతి అని నవ్విస్తడు. డిండి వాగు దాక పోయి రాగలిగిన.

పోయిన సోమవారం కాలు వాచింది. నడకకైతే అరికాలు బొబ్బలెక్కాలె. నాకు పాదం మీద, వేళ్ల సందులల్ల నల్లటి పొక్కులు. దురద, రసి, మీదికెల్లి జ్వరం. దవాఖానల కాంపౌండరు చూసి, ఇది నడకతోని వచ్చింది కాదన్నడు. చాకలోళ్లు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి ఒంటికి తగిల్తే గిట్లనే పొక్కుతదని మనకు చిన్ననాటి నుంచి తెలుసు. మరి నా కాలికి జీడి ఎక్కడిది?

చెల్లె, ఈ మాట ఎవ్వరితోని అనలేదు. నా అనుమానం కోడలు అండాలు మీద. నడిచి వచ్చినంక కాళ్లకు నువ్వుల నూనె నేనే రాసుకునేదాన్ని. పది రోజుల కింద గిన్నె నా చేతులకెల్లి గుంజుకున్నది. చేతికి గుడ్డ చుట్టుకొని రాస్తది. గుడ్డ ఎందుకే అంటే, నీ కాళ్లు గరుకు అత్తమ్మా, నా అరచేతులు గీరుకపోతున్నయి అన్నది. నిన్న ఉప్పుకుండ ఎనక నాలుగు జీడిగింజలు దొరికినయి. అడిగితే ఎద్దు పుండుకు తెచ్చిన అన్నది. మన ఎద్దుకు పుండు లేదు.

అదొక్కటే కాదు. పొద్దున మిలిట్రీ క్యాంపుకు పాలు పోసి వస్తది. చెంబెడు పాలు పోయడానికి ఎంతసేపు పడ్తది? ఈమె బారెడు పొద్దెక్కినంక గాని ఇల్లు చేరదు. భిక్షం వస్తే మొహం మాడ్చుకుంటది. మొన్న ఆయన నీళ్లు తాగిన చెంబును ఆయన చూస్తుండంగనే మూడుసార్లు బూడిద పెట్టి తోమింది. ఆయన పాపం నవ్వి లేచిండు. పోతపోత, కోడలి మీద కన్నేసి ఉంచు పెద్దమ్మా, మొగుడు ఇంట్ల లేని మనిషి అని మెల్లగ చెప్పిండు. ఆ మాట ముల్లు లెక్క దిగింది. నా మొక్కు చెడితే ఆమెకేం లాభం? వాడు తిరిగి రావద్దనా? దీపం పెట్టుకున్నా ఇదే ఆలోచన. దేవుడు క్షమించాలె, నిన్న ఆమె వడ్డించిన అన్నం ముందు పిల్లికి వేసి చూసి తిన్న.

ఈ ఉత్తరం ముగించి, ఆమెను మల్లన్న పటం ముందట నిలబెట్టి అడుగుత. తప్పని తేలితే పుట్టింటికి తోలుత.

ఇట్లు,
నీ మేలు కోరే అక్క
లక్ష్మీనర్సమ్మ

మళ్లీ రాసేది: అడిగిన. జీడి కలిపింది తనే అని ఒక్క మాటకే ఒప్పుకున్నది. ఏడవలేదు. ఒకనాడు పాలు పోయ పోతే, క్యాంపు డేరా ఎనక భిక్షం మిలిట్రీ జమేదారుతోని కూసొని ఉన్నడట. తల్లిని నడిపించుకొస్త, ఆమెను చూడ కొడుకు దారి మీదికి తప్పక దిగుతడు, పట్టుకునుడు మీ పని అన్నడట. ఇంకేం వినబడ్తదో అనే రోజూ ఆడ ఆలస్యం చేసిందట. నాతోని ముందే ఎందుకు అనలేదే అంటే, నీకు అబద్ధం రాదు అత్తమ్మా, భిక్షం మల్లన్న పేరెత్తి అడిగితే అంత చెప్తవు, కాలు నిజంగనే వాస్తే నడవలేనని నిజమే చెప్పొచ్చు కద అన్నది.

ఆమె అన్నది అబద్ధం కాదు. మన్ననూరు మాట భిక్షం చెవిన వేసింది నేనే. ఆయన నొసటి విభూతి చూసి నమ్మిన.

అమరేందర్‌కు ఇప్పుడే కబురు పంపు. అమ్మ రాదు, దారి మీదికి రావద్దని చెప్పు. ఈ కాగితం టపాల వేస్తలేను, అండాలు వాళ్లన్న మైసయ్య చేతికిస్తున్న. చదివి పొయ్యిల వెయ్యి.

వాపు తగ్గుతాంది. కాలు ఎట్లున్నదో రేపు చూసిపోతనని భిక్షం కబురు పెట్టిండు. ఇందాకనే అండాలు ముందట కూసొని, రెండో కాలికి గూడ జీడి పుయ్యమని నేనే చాపిన.