రూపాయి బిళ్ళంత మందం

కాకినాడ, ఆగస్టు 4

నాకు వాదించడం నేర్పిన నాన్నగారికి,

మీ ఆరోపణ ఇది: "చదువుకున్న పొగరుతో నా కూతురు పన్నెండు కత్తిపీటల ఉక్కును చంపేసింది." జూన్‌లో, కొవ్వూరులో మన కొలిమి ముందు, వీధంతా వినేలా అన్నారు. దానికి జవాబు చెప్పబోతున్నాను. ఫోన్‌లో అయితే మధ్యలోనే "సరేలే, పెట్టేయ్" అంటారు. ఉత్తరాన్ని అలా ఆపలేరు కదా!

ముందుగా నా నేరం ఒప్పుకుంటాను. కత్తికి వాడే పాత లారీ కమాను పట్టీ మెత్తగా ఉన్నప్పుడే ఆకురాయితో అంచుకు వాలు దిద్ది, ఆ తర్వాత కాల్చి నూనెలో ముంచి గట్టిపరచడం మీ పద్ధతి. కాదు, ముందు గట్టిపరచి ఆ తర్వాతే వాలు దిద్దాలని నేను వాదించాను. మీరు పెళ్ళికని కోరుకొండ వెళ్ళిన రెండు రోజుల్లో ఆ పన్నెండు కత్తిపీటల కత్తులనూ అలాగే చేశాను. కరెంటు సానచక్రానికి వాటిని ఆవేశంగా నొక్కితే అంచులు నీలంగా మెరిశాయి. ఎంత అందమో అని మురిసిపోయాను కూడా! ఉక్కు వేడెక్కి గట్టిదనం కోల్పోయిన గుర్తు అదేనని నాకు తట్టలేదు. వారం తిరక్కుండా, వాటిని కొన్న, ఇక్కడి హార్బరులో చేపలు కోసే పాపాయిగారు బస్సెక్కి వచ్చి మన గుమ్మంలో ఆ కత్తుల సంచి కుమ్మరించారు.

"ఏంటండీ సత్తియ్యగారూ ఇవి? పండుగప్ప ముల్లు తగిలితే అంచు మడత పడిపోతందండి. వీటికి అరటికాయైనా తెగుద్దా?"

వీధి నవ్వింది. మీరు నవ్వలేదు. పైన రాసిన ఆ పొగరు మాట అని, సానచక్రానికి తాళం వేశారు. నన్ను బాధించింది మాట కాదు నాన్నా, తాళం. డిబేట్లలో నన్ను ఎందరో కాదన్నారు. నా చేతిలోంచి పనిముట్టును మాత్రం ఎవరూ లాక్కోలేదు.

అందుకే కాలేజీ వర్క్‌షాపులో మూడు కత్తులు చేశాను. మొదటిదానికి అంచు పల్చబడేదాకా వాలంతా ముందే దిద్దాను. నూనెలో ముంచి తీస్తే అంచు అప్పడంలా వంకరలు పోయింది. రెండోదాన్ని ముందు గట్టిపరచి, చక్రానికి ఆనించిన ప్రతిసారీ నీళ్ళలో ముంచుతూ దిద్దాను. నీలం రాలేదు, వంకరా లేదు! గెలిచానని కేక పెట్టాను. కానీ నాలుగు గంటలు పట్టింది, చేతులు పడిపోయాయి. అప్పుడు మీ అలవాటు గుర్తొచ్చింది. కాల్చబోయే ముందు చొక్కా జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి అంచు పక్కన ఆనిస్తారు. రెండు మందాలూ సమానమైతేనే కత్తి కొలిమిలోకి వెళుతుంది. ఎందుకని అడిగితే "మా నాన్న పెట్టేవోడు" అనేవారు. మూఢాచారమని నవ్వేదాన్ని. మూడో కత్తికి ఆ బిళ్ళ ఆనించాను. అంత మందం దాకా మాత్రమే దిద్ది, గట్టిపరచి, మిగిలినది నీళ్ళు తాకిస్తూ చక్రం మీద తీశాను. గంటన్నర! అంచు గీత గీసినట్టుంది! ఎగిరి గంతేశాను నాన్నా. ముందా, తర్వాతా అన్న మన ప్రశ్నే తప్పు. బిళ్ళ మందం వరకు ముందు దిద్దాలి, అక్కడి నుంచి తర్వాత దిద్దాలి. సగం మీరు గెలిచారు, సగం నేను. ఆ కత్తి ఇరవై రోజులుగా పాపాయిగారి దగ్గరుంది. ఇంకా సాన అడగలేదు.

ఉక్కును చంపింది నా చదువు కాదు, నా తొందర. కాబట్టి ఆరోపణను సవరించుకోండి. ఇంకో మాట. పరీక్షలయ్యాక కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్ళను. కొలిమి దగ్గరికే వస్తాను.

మీ పొగరుబోతు,
సారిక

కొవ్వూరు, ఆగస్టు 9

చిట్టితల్లి సారికకి,

నేను చెబుతున్నాను, మీ అమ్మ రాస్తంది. కోప్పడకుండా చదువు. ఆ పన్నెండిటి మీద నీలం కోరుకొండ నుంచి రాగానే చూశానే. చూసి కూడా పాపాయికి నేనే కట్టిచ్చాను. నలభై ఏళ్ళలో తెలిసి చెడ్డ కత్తి ఇచ్చింది అదొక్కసారే. ఒకసారి ఓడిపోతే ఈ మసి వదిలేసి ఆఫీసులో చల్లగా కూర్చుంటావనుకున్నాను. నా చేతుల మీద కాలిన మచ్చలు చూశావు కదా, అవి నీకొద్దు. తాళం తియ్యను.

నాన్న

మీ అమ్మ అచ్చాయమ్మ రాసేది: ఈ సంగతి నాకూ ఇప్పుడే తెలిసిందమ్మా. ఈ పూట ఆయనకి చేపల పులుసు లేదు, చారే.

కాకినాడ, ఆగస్టు 13

నా మీద కుట్ర చేసేంత ప్రేమున్న నాన్నగారికి,

అమ్మా, దీన్ని గుమ్మంలో నిలబడి గట్టిగా చదువు. శనివారం పాపాయిగారు అక్కడికి వస్తున్నారు. ఆవిడకీ, ఆ రోజు నవ్విన వీధికీ వినిపించాలి.

నాన్నా, మీ ఉత్తరాన్ని మొదట చింపబోయాను. తర్వాత నవ్వొచ్చింది. నన్ను ఆపడానికి మీ నలభై ఏళ్ళ పేరునే పణం పెట్టారంటే, నేను కొలిమికి ఎంత దగ్గరగా వచ్చేశానో మీకు తెలిసిందన్నమాట! మచ్చలంటారా, నా ఎడమ బొటనవేలి మీద అప్పుడే రెండున్నాయి. నేను వాటిని దాచుకోవడం లేదు.

ఆ పన్నెండు కత్తులూ అటక మీదే ఉన్నాయని అమ్మ ఫోన్‌లో చెప్పింది. వాటిని మెత్తబరచి, నీలం పోయి బిళ్ళంత మందం వచ్చేదాకా అంచును వెనక్కి దిద్దండి. మళ్ళీ కాల్చి నూనెలో ముంచండి. అక్కడితో మీ సగం అయిపోతుంది. మిగిలిన సగం నాది. ఆదివారం పొద్దుటి బస్సుకు దిగుతాను.

పాపాయిగారూ, వీధిలోని పెద్దలారా, మీ ముందే నాకు శిక్ష పడింది. చెడ్డ కత్తిని తెలిసి చేతికిచ్చింది ఎవరో మా నాన్ననే అడగండి. అడిగాక ఊరుకోకండి. నేను దిగేసరికి ఆ సానచక్రం తాళం తీయించి ఉంచండి.

సారిక