తెర వెనక రెండు నిమిషాలు

లైప్‌జిగ్, తూర్పు జర్మనీ, జూన్ 1986

బావా,

మొన్న ఎన్నికల్లో అందరూ పార్టీ పేర్లున్న బ్యాలెట్‌ను అలాగే మడిచి నేరుగా పెట్టెలో వేస్తుంటే, నేను తెర వెనక్కి వెళ్ళాను. బల్ల దగ్గర కూర్చున్న పక్కింటి గుడ్రున్ "ఏమయ్యా, మా దగ్గర కూడా దాపరికమేనా?" అని నవ్వుతూనే నా పేరు పక్కన గీత పెట్టింది. నాలుగు రోజులకే మా అమ్మాయి ఉల్రీకె మెడిసిన్ సీటు రద్దయింది.

నిజానికి నేను ఒక్క పేరూ కొట్టేయలేదు. కొట్టేద్దామని పెన్సిల్ తీసుకున్నాను, ధైర్యం చాలక పెట్టేశాను. రహస్య ఓటాయె, ఎలా రుజువు చేసుకోను? జిల్లా పార్టీ ఆఫీసులో నీ మాట చెల్లుతుంది. మా బామ్మర్ది ఒట్టి పిరికివాడని చెప్పు, నమ్ముతారు.

ఇలా అవుతుందని తెలిస్తే అన్ని పేర్లూ కొట్టేసేవాణ్ణి. అది మాత్రం చెప్పకు.

నీ బామ్మర్ది